నాలుగేళ్లకే ఆగిపోయిన సర్వీసు: వైద్య ఆరోగ్య శాఖ పెద్దలకు బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ పెద్దలకు, నియామకాల బోర్డు సభ్యులకు నమస్కారం.

అయ్యా, అమ్మా,

నేను భద్రాచలం ఏజెన్సీలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాంట్రాక్ట్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. 2008 జూన్‌లో చేరాను. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు, చంకలో ఏడాది బిడ్డ. ఆ బిడ్డ ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. నేను మాత్రం ఇప్పటికీ ఏటా మార్చి నెలాఖరు వస్తే రెన్యువల్ కాగితం ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తుంటాను.

2024 సెప్టెంబర్‌లో బోర్డు 1,284 గ్రేడ్-2 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. నవంబర్ 10న పరీక్ష జరిగింది. నేనూ రాశాను. ఈ ఉత్తరం నా ర్యాంకు గురించి కాదు. అయిపోయిన ఎంపిక జాబితాను తిరగదోడమనీ కాదు. ఆట మొదలయ్యాక మధ్యలో నియమాలు మార్చకూడదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అదే నవంబర్ 7న, మా పరీక్షకు మూడు రోజుల ముందు, మళ్లీ గట్టిగా చెప్పింది. అది న్యాయమే. కాబట్టి నేను అడిగేది ఇక ముందు వచ్చే నోటిఫికేషన్లలో కాంట్రాక్ట్ సర్వీసుకు ఇచ్చే మార్కుల లెక్క గురించి. ల్యాబ్ టెక్నీషియన్లకే కాదు, నర్సింగ్ ఆఫీసర్లకు, ఫార్మసిస్టులకు కూడా ఇదే లెక్క నడుస్తోంది గనక వాళ్ల తరఫున కూడా అనుకోండి.

లెక్క మీకు తెలిసిందే. కానీ ఇది చదివే మిగతావాళ్ల కోసం చెప్తాను. మొత్తం వంద మార్కులు. పరీక్షకు 80. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో పనిచేసినవాళ్లకు సర్వీస్ వెయిటేజీ 20. గిరిజన ప్రాంతంలో చేస్తే ఆరు నెలలకు రెండున్నర మార్కులు, మిగతా చోట్ల ఆరు నెలలకు రెండు. 20 దాటితే ఇక రావు.

ఇప్పుడు నా సంగతి చూడండి. ఏజెన్సీలో ఏడాదికి అయిదు మార్కులు. 2008లో చేరిన నాకు 2012 జూన్‌కల్లా 20 నిండిపోయాయి. ఆ తర్వాత నేను చేసిన పన్నెండేళ్లకు పైగా ఉద్యోగానికి మీ లెక్కలో ఒక్క మార్కు లేదు. కరోనా కాలం లేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చి ఊళ్లకు ఊళ్లే శిబిరాలకు తరలిపోయినప్పుడు, జ్వరాలు చూసుకుంటూ శిబిరం నుంచి శిబిరానికి తిరిగిన రోజులు లేవు. ఇవన్నీ నేను చేశాను. జీతమూ తీసుకున్నాను, కాదనను. కానీ నియామకాల లెక్కలో నా సర్వీసు 2012లోనే ఆగిపోయింది. నాకూ, 2020లో చేరిన తమ్ముడికీ ఒకటే 20.

కొందరు అడగొచ్చు, తర్వాత చేసిన ఏళ్లలో కొత్తగా ఏం వస్తుంది, అదే పని కదా అని. అందుకే పని గురించి కొంచెం చెప్పుకోనివ్వండి.

తెమడ పరీక్షకు స్లైడ్ తయారు చేయడం చూసినవాళ్లకు చాలా తేలిక. డబ్బాలో ఉన్న తెమడలో చీము గట్టిగా ఉన్న భాగాన్ని చీపురుపుల్లతో ఏరి, గాజు పలక మీద పలచగా పూయాలి. ఆరబెట్టి, వేడి చూపించి, కార్బాల్ ఫుక్సిన్ పోసి కింద నుంచి మంట పెట్టాలి. ఆవిరి లేవాలి, మరగకూడదు. మరిగితే రంగు గడ్డకట్టి స్లైడ్ పాడవుతుంది. ఆవిరి రాకపోతే రంగు క్రిమిలోకి దిగదు. ఆ తేడా గడియారం చూసి తెలియదు, స్లైడ్ మీద ఆవిరి లేచే తీరు చూసి తెలియాలి. తర్వాత ఆసిడ్, ఆపైన నీలం రంగు. మైక్రోస్కోప్ కింద నూనె చుక్క వేసి ఒక్కో ఫీల్డూ జరుపుకుంటూ వంద ఫీల్డులు చూడాలి. నీలం నేల మీద సన్నటి ఎర్ర పుల్లల్లాగా టీబీ క్రిములు కనిపిస్తాయి. వంద ఫీల్డుల్లో పదికి తక్కువ కనిపిస్తే "కొద్దిగా ఉన్నాయి" అని రాసి ఊరుకోకూడదు. మూడు కనిపిస్తే మూడు, ఏడు కనిపిస్తే ఏడు, ఎన్ని ఉంటే అన్నీ అంకె వేసి రాయాలి. మాకు ట్రైనింగ్‌లో మొదటి వారమే నేర్పింది అదే.

చేరిన కొత్తలో సాయంత్రం రిజిస్టర్ మూసేటప్పుడు నాకు టెన్షన్‌గా ఉండేది. నెగెటివ్ అని రాసిన స్లైడ్‌లో ఒక్కటైనా వదిలేశానేమో అని. ఒకసారి వదిలేశాను కూడా. మూడో ఏడాదిలో ఒక కొండరెడ్డి తెగ ముసలాయన స్లైడ్. క్రాస్ చెకింగ్‌లో పాజిటివ్ అని తేలేసరికి ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులూ ఆయన మనవలతో ఒకే గుడిసెలో పడుకున్నాడు. ఇంటికి వెళ్లి మందులు మొదలుపెట్టించినప్పుడు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, నీళ్లిచ్చాడు. ఆ తర్వాత నా కన్ను మారింది. మా సెంటర్‌కు వచ్చే మలేరియా స్లైడ్లు చూసేటప్పుడు కూడా రంగు మచ్చకూ, పరాన్నజీవికీ తేడా చూడగానే పట్టడం నాకు ఆరేడేళ్లకు గానీ రాలేదు. మీ లెక్కలో నా సర్వీసు నిండిపోయాకే నేను పని పూర్తిగా నేర్చుకున్నాను. ఇది నా ఒక్కదాని మాట కాదు. ఏ సీనియర్ టెక్నీషియన్‌ని అడిగినా ఇదే చెప్తారు.

ఇక రెండో వైపు మాట కూడా రాయాలి, లేకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది.

మా సెంటర్‌కు రెండేళ్ల కింద ఒక అమ్మాయి డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) ట్రైనింగ్ కోసం వచ్చింది. చురుకైన పిల్ల. చీపురుపుల్ల పట్టుకోవడం దగ్గర్నుంచి నేనే నేర్పాను. ఆ పిల్లా అదే పరీక్ష రాసింది. పరీక్ష అయిన రోజు సాయంత్రం ఫోన్ చేసి, "అక్కా, మీకందరికీ 20 మార్కులు ముందే ఇచ్చేశారు. మేం 80లో 60 తెచ్చుకున్నా, 45 తెచ్చుకున్నవాళ్లు మమ్మల్ని దాటిపోతారు. మాకు సర్వీసు లేకపోవడం మా తప్పా?" అని ఏడ్చింది. నాకు సమాధానం తోచలేదు. ఆ పిల్ల మాటలో అబద్ధం లేదు. ఏళ్ల తరబడి రెగ్యులర్ నోటిఫికేషన్లు లేకపోవడం వల్లే మేం కాంట్రాక్ట్‌లో ముసలివాళ్లమవుతున్నాం. వాళ్లు చదువు అయిపోయి ఖాళీగా కూర్చుంటున్నారు. పోస్టులు ఏటా నింపి ఉంటే ఆ పిల్లా నేనూ ఒకే పరీక్షలో ఎదురెదురుగా నిలబడాల్సిన పని లేదు.

ఆ రాత్రి నేను ఒక కాగితం తీసుకుని లెక్క వేశాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

మైదాన ప్రాంతంలో ముగ్గురు అనుకోండి. సర్వీసు లేని కొత్త అభ్యర్థికి పరీక్షలో 60 వచ్చాయి. అయిదేళ్లు చేసినవాళ్లకు 45. పదహారేళ్లు చేసినవాళ్లకు 42. ఇప్పటి లెక్క ప్రకారం అయిదేళ్లవాళ్లు 65తో మొదట, పదహారేళ్లవాళ్లు 62తో రెండో స్థానంలో, కొత్తవాళ్లు 60తో చివర. అంటే ఈ 20 మార్కుల వల్ల పూర్తి లాభం అయిదేళ్ల దగ్గర ఉన్నవాళ్లకే. పదహారేళ్లు చేసినవాళ్లకు వాళ్లకంటే ఎక్కువేమీ రాదు. కొత్తవాళ్లకు నష్టం.

అదే 20 మార్కుల్ని పదేళ్లకు సర్దితే? ఆరు నెలలకు రెండు బదులు ఒకటి. గిరిజన ప్రాంతంలో రెండున్నర బదులు ఒకటింబావు, అక్కడ ఎనిమిదేళ్లకు నిండుతుంది. అప్పుడు పై ముగ్గురిలో పదహారేళ్లవాళ్లకు 62, కొత్తవాళ్లకు 60, అయిదేళ్లవాళ్లకు 55. మొత్తం వెయిటేజీ ఒక్క మార్కు పెరగలేదు. పరీక్షకు ఉన్న 80 తగ్గలేదు. అయినా ఎక్కువ కాలం చేసిన మనిషికి గుర్తింపు దక్కింది, కష్టపడి చదివిన పిల్లకు దారి దొరికింది.

అందుకే నేను వెయిటేజీ పెంచమని అడగడం లేదు. మా సంఘాల్లో చాలామంది 20ని 30 చేయాలంటారు, పరీక్షే వద్దంటారు. వాళ్ల బాధ నాకు తెలుసు, ఆ బాధలో నేనూ ఉన్నాను. కానీ ఆ పిల్ల ఏడుపు విన్నాక నాకు ఆ మాట అనడానికి నోరు రావడం లేదు. ఉన్న 20నే ఎక్కువ ఏళ్లకు సర్దండి అంటున్నాను.

దీనివల్ల నష్టపోయేవాళ్లు ఉన్నారు. నాలుగైదేళ్ల సర్వీసు ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు. ముఖ్యంగా కరోనా సమయంలో, అందరూ తలుపులు వేసుకున్నప్పుడు ప్రాణాలకు తెగించి వచ్చి చేరినవాళ్లు. వాళ్లు నా మీద కోప్పడతారు, ఆ కోపంలో న్యాయం ఉంది. వాళ్ల కోసం రెండు పనులు చేయొచ్చు. ఒకటి, కరోనా కాలపు సేవను మామూలు సేవతో కలపకుండా విడిగా, ఎక్కువ రేటుతో లెక్కించడం. పక్క రాష్ట్రంలో కాంట్రాక్ట్ నియామకాలకు అలా చేశారు. అక్కడ కోవిడ్ సేవకు ఆరు నెలలకు అయిదు మార్కులు ఇచ్చారు. రెండు, కొత్త లెక్కను నోటిఫికేషన్‌తో పాటు అకస్మాత్తుగా కాకుండా ముందే ప్రకటించడం. ఎవరికెన్ని మార్కులు వస్తాయో తెలిస్తే ఎవరి ప్రయత్నం వాళ్లు చేసుకుంటారు.

పక్క రాష్ట్రం అన్నాను కాబట్టి ఇంకో మాట. మాకు ఆంధ్రప్రదేశ్ అంటే దూరం కాదు, భద్రాచలం ఊరు దాటితే ఎటపాక. అక్కడి ఆరోగ్య శాఖ కాంట్రాక్ట్ నియామకాల్లో చదువులో వచ్చిన మార్కులకు 75, పాసై ఎన్నేళ్లయితే ఏడాదికి ఒకటి చొప్పున 10 వరకు, సర్వీసుకు 15. పాసైన సంవత్సరం నుంచి లెక్కపెట్టడం నాకు పూర్తిగా నచ్చదు. ఆ మధ్యలో ల్యాబ్ మొహం చూడని మనిషికి కూడా ఆ పది వస్తాయి. కానీ అందులో ఒక మంచి ఉంది. ఏడాదికి ఒకటి చొప్పున నిదానంగా, పదేళ్ల పాటు పెరుగుతుంది. నేను అడుగుతున్న పద్ధతీ అదే. పాసైన ఏళ్లకు కాదు, పనిచేసిన ఏళ్లకు.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇది పెద్దవాళ్లకు చిన్న విషయంగా అనిపిస్తుందేమో.

మా తోటి టెక్నీషియన్ ఒకాయన 2009లో చింతూరు వైపు ఒక సెంటర్‌లో చేరాడు. అప్పుడది ఖమ్మం జిల్లా. 2014లో రాష్ట్రం విడిపోయాక చింతూరుతో సహా ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఆయన ఇటు వచ్చి ఇక్కడ కాంట్రాక్ట్‌లో చేరాడు. ఆయన మొదటి అయిదేళ్లు పనిచేసిన చోటు తూర్పు గోదావరిలోకి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మారింది. ఇటు పక్క కూడా 2016లో జిల్లాలు విడిపోయి మేం భద్రాద్రి కొత్తగూడెం అయ్యాం. ఆ పాత అయిదేళ్ల సర్వీస్ సర్టిఫికెట్ మీద సంతకం ఎవరు పెట్టాలి? ఆయన ఒక ఆఫీసుకు వెళ్తే ఇంకో ఆఫీసుకు వెళ్లమన్నారు. నాలుగు ఆఫీసులు తిరిగాడు. చివరికి ఒక చోట సీట్లో ఉన్న మనిషి, తిట్టలేదు, విసుక్కోలేదు, మంచిగానే చెప్పాడట: "ఇక్కడి సర్వీసుతోనే మీకు 20 ఎలాగూ నిండాయి కదా సార్, ఆ పాత అయిదేళ్లతో పనేముంది?"

ఆయన తిరిగి వచ్చి నాకు ఈ మాట చెప్పినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆయనకూ నాకూ. చింతూరు అడవిలో సైకిల్ మీద జ్వరం సర్వేకు వెళ్లి, వాగు దాటి స్లైడ్లు మోసుకొచ్చిన అయిదేళ్లు. పనేముంది! పరిమితి పెట్టడం వల్ల మార్కులు ఆగిపోవడమే కాదు, ఆ ఏళ్లు కాగితం మీద నుంచి కూడా చెరిగిపోతున్నాయి. లెక్కలోకి రాని సర్వీసుకు రికార్డు ఉంచాలని ఎవరికీ అనిపించదు.

అందుకని జిల్లాల వారీగా కాంట్రాక్ట్ సిబ్బంది సర్వీసు జాబితా తయారు చేయించండి. ఎవరు, ఏ కేడర్‌లో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ సెంటర్‌లో, అది గిరిజన ప్రాంతమా కాదా. నోటిఫికేషన్‌కు కనీసం మూడు నెలల ముందు ప్రతి సెంటర్ నోటీసు బోర్డు మీద పెట్టించండి, అభ్యంతరాలు తీసుకోండి. విభజనలో అటూ ఇటూ అయినవాళ్లకు రెండు రాష్ట్రాల అధికారులు మాట్లాడుకుని ఒకే ఫారం పెడితే చాలు. ఇప్పుడు దరఖాస్తు గడువు పది రోజులు ఉందనగా అందరం సర్టిఫికెట్ల కోసం పరుగులు పెడుతున్నాం. దొంగ సర్టిఫికెట్లు వచ్చాయని ఒకరి మీద ఒకరం అనుమానాలు పెంచుకుంటున్నాం. జాబితా ముందే గోడ మీద ఉంటే ఆ అనుమానాలకు చోటుండదు.

మమ్మల్ని దొడ్డిదారిన వచ్చినవాళ్లు అనేవాళ్లకు కూడా ఒక మాట. 2006 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఉమాదేవి కేసులో ఇచ్చిన తీర్పును మా ముందు చూపిస్తుంటారు. దొడ్డిదారి నియామకాలను పర్మనెంట్ చేయకూడదన్నది ఆ తీర్పు. నేను దాన్ని చదివించుకుని విన్నాను. మంజూరైన పోస్టుల్లో, అర్హత ఉండి, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్లు పైబడి పనిచేసినవాళ్ల విషయం ఒకసారి చూడమని కూడా అదే తీర్పులో ఉంది. 2024 డిసెంబర్ 20న జగ్గో కేసులో సుప్రీంకోర్టు, ఏళ్ల తరబడి అవసరమైన పని చేయించుకుని తాత్కాలికం అనే పేరుతో బయటికి పంపడానికి ఉమాదేవి తీర్పును వాడుకోకూడదని చెప్పింది. మేం దొడ్డిదారిన రాలేదు. పేపర్లో ప్రకటన ఇచ్చారు, కలెక్టర్ గారు అధ్యక్షులుగా ఉన్న కమిటీ మార్కులు చూసి, రిజర్వేషన్ రోస్టర్ చూసి తీసుకుంది. నా ఆర్డర్ కాగితం ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్‌లో భద్రంగా ఉంది.

2023 ఏప్రిల్ 30న కొత్త సచివాలయం ప్రారంభించిన రోజు 5,544 మంది కాంట్రాక్ట్ ఉద్యోగులను క్రమబద్ధీకరించారు. మా పోస్టులు స్కీములో ఉన్నాయి, మంజూరైన పోస్టులు కావని మమ్మల్ని అందులో కలపలేదు. వాళ్లను చూసి సంతోషించాం. ఆ క్రమబద్ధీకరణకు ఆధారమైన నిబంధనను 2024 నవంబర్‌లో హైకోర్టు కొట్టేసింది, అప్పటికే పర్మనెంట్ అయినవాళ్ల జోలికి మాత్రం పోలేదు. అంటే మాకు ఆ తలుపు కూడా మూసుకుపోయినట్టే. మిగిలింది ఈ పరీక్ష, ఈ 20 మార్కులే. అందుకే దాని లెక్క గురించి ఇంత పట్టుబట్టి రాస్తున్నాను.

ఉద్యోగం వచ్చాక సీనియారిటీ గురించి క్లుప్తంగా. సర్వీస్ రూల్స్ ప్రకారం ఒకే ఎంపికలో వచ్చినవాళ్ల సీనియారిటీ మెరిట్ ర్యాంకును బట్టే ఉంటుంది. నేను నేర్పిన పిల్ల నాకంటే పై ర్యాంకులో వస్తే సీనియర్ అవుతుంది. పరీక్షలో గెలిచింది కాబట్టి నాకు అభ్యంతరం లేదు, నిజంగానే లేదు. కానీ నలభై అయిదేళ్లకు రెగ్యులర్ అయ్యే మనిషికి 61కి రిటైరయ్యే లోపు పదహారేళ్లే మిగులుతాయి. పాత కాంట్రాక్ట్ ఏళ్లను సీనియారిటీకి కాకపోయినా, కనీసం జీతం స్థిరీకరణకూ, సెలవులకూ లెక్కలోకి తీసుకునే ఆలోచన చేయండి. దీనివల్ల ఏ కొత్త ఉద్యోగి ర్యాంకూ కిందికి జరగదు.

నా దగ్గర 2008 నాటి నియామక ఉత్తర్వు, ప్రతి ఏటి రెన్యువల్ కాగితాలు, సెంటర్ హాజరు నకళ్లు, స్లైడ్ రిజిస్టర్ల జిరాక్సులు ఉన్నాయి. మా తోటివాళ్లు నలభై మంది దగ్గర ఇలాంటివే సేకరించి ఏడాది వారీగా సర్ది పెట్టాం. కొత్త లెక్క వేస్తే ఎవరికెంత మారుతుందో ఒక పట్టిక కూడా తయారు చేశాం. అందులో నష్టపోయేవాళ్ల వరసలు కూడా దాచకుండా పెట్టాం. ఏ అధికారికి ఇమ్మంటే ఆ అధికారికి, ఏ తేదీన రమ్మంటే ఆ తేదీన తెచ్చి ఇస్తాం. సోమవారాలు మాత్రం మధ్యాహ్నం తర్వాత పిలవండి. ఉదయం మా సెంటర్‌లో తెమడ పరీక్షలకు జనం ఎక్కువగా ఉంటారు.

ఇట్లు,
ఒక కాంట్రాక్ట్ ల్యాబ్ టెక్నీషియన్,
భద్రాచలం ఏజెన్సీ